బ్రిటిషు స్లాంగు: మాటల పుట్టుక, మనుష్యుల తీర్పు

భాషను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల మన విద్యావంతుల యిండ్లలో రెండు విధములగు అభిప్రాయములు వినవచ్చుచుండును. స్లాంగు అనునది తాగుబోతులయు, దొంగలయు, వీథిపోకిరులయు నోటి మురికియే కాని భాష కాదనియు, దానిని తెలిసికొనుట మర్యాదస్థులకు తగదనియు నొక పక్షము. అది వట్టి వినోదవస్తువనియు, వింతమాటల పట్టికయొకటి చేతబట్టుకొని మాటకొక పంక్తి యర్థమును, ఒక పంక్తి పుట్టుకయు చదివి నవ్వుకొనిన చాలుననియు రెండవ పక్షము. ఈ రెండును సరియైనవి కావని మా తలంపు. మొదటి పక్షమువారు పలికిన మనుష్యుని చూచి మాటను త్రోసివేయుచున్నారు. రెండవ పక్షమువారు మాటను పట్టుకొని పలికిన మనుష్యుని మరచుచున్నారు. బ్రిటిషు స్లాంగు పదములను గూర్చియు, వానిని కూర్చిన నిఘంటువులను గూర్చియు ఈ వ్యాసమున కొంత విమర్శింపదలచితిమి. నేడు తెలుగు కుటుంబములనుండి ఎందరో పిల్లలు చదువులకును ఉద్యోగములకును బ్రిటను చేరుచున్నారు గనుక ఈ విషయము మన గడపకు దూరమైనది కాదు.

ఒక చిన్న యుదాహరణముతో మా మాట స్పష్టపడగలదు. 'నాకర్డ్' అనునది నేటి బ్రిటనులో ప్రతిదినము వినవచ్చెడి మాట. మిక్కిలి యలసినవాడని దాని యర్థము. పట్టికలు వ్రాయువారు ఇంతటితో తృప్తినొందుదురు. కాని నాకరు అనువాడెవడు? బండి లాగుటకు పనికిరాక మూలబడిన ముసలి గుర్రములను కొని, వానిని చంపి, తోలును ఎముకలను మాంసమును వేరువేరుగ అమ్ముకొనువాడు. మోటారుబండ్లు రాకముందు లండను నగరపు బరువును మోసినవి గుర్రములు. నడుము విరిగిన గుర్రము కడపట చేరుచోటు నాకరు దొడ్డి. దినమంతయు పనిచేసి యింటికి వచ్చిన కూలివాడు తన యలసటను చెప్పుకొనుటకు ఆ గుర్రపు గతిని తలచుకొనెను. 'స్కింట్' అను మాటయు నిట్టిదే. చేత కాసు లేనివాడని యర్థము. చర్మ మొలువబడినవాడని పుట్టుక. ఒక్క పంక్తి యర్థము వెనుక ఎంత బ్రతుకున్నదో చూడుడు.

ఈ మాటలను మొట్టమొదట కూర్చినవారెవరో తెలిసికొనుట అవసరము. ఏలయన కూర్చినవాని యుద్దేశము కూర్పునందు ప్రతిఫలించును. కెంటు మండలమున న్యాయాధికారిగానున్న థామస్ హార్మన్ 1566-67 ప్రాంతమున దేశదిమ్మరులను గూర్చి యొక హెచ్చరిక గ్రంథమును ప్రకటించి, అందు వారి రహస్యపదముల పట్టికను చేర్చెను. ఆ దేశదిమ్మరులలో పెక్కుమంది పుట్టుకతో దొంగలు కారు. 1536 మొదలు 1540 వరకు మఠములు మూయబడుటచేతను, ఉమ్మడి పొలములకు కంచెలు కట్టి గొర్రెలను విడుచుటచేతను, కూడును గూడును కోల్పోయి త్రోవబట్టిన బీదలు వారిలో ఎందరో యుండిరి. 1572 నాటి శాసనము అట్టివారిని కొరడాలతో కొట్టి, కాల్చిన యినుముతో కుడిచెవికి తూటు వేయవలెనని విధించెను. స్లాంగు నిఘంటువునకు ఆదిపురుషుడు శిక్షించువాడు. అతడు చెవియొగ్గి మాటను వినినది మనుష్యుని పట్టుకొనుటకొరకు. దొంగల భాష అని యానాడు పడిన పేరు ఈ మాటలను నేటికిని విడువలేదు.

రెండువందల యేండ్లకు పిమ్మట కెప్టెన్ ఫ్రాన్సిస్ గ్రోసు వచ్చెను. పురావస్తువులను పరిశోధించుటయందు ఆసక్తిగల యీ స్థూలకాయుడు రాత్రులయందు లండను సందుగొందులలో తిరిగి, మద్యశాలలలో కూర్చుండి, వినిన మాటల నెల్ల వ్రాసికొని 1785లో ఒక నిఘంటువును ప్రకటించెను. హార్మనునకు భయమున్నచోట ఈతనికి ఉల్లాసమున్నది. అది మేలే. అయినను ఉల్లాసమును ఒక విధమగు చెవుడే. గ్రోసు గ్రంథమున స్త్రీని వెలగట్టు మాటలు విరివిగ నున్నవి. స్త్రీలు తమలో తాము పురుషులను గూర్చి యేమనుకొనిరో దాదాపు కానరాదు. ఆయన వినినది మద్యశాలలో. వంటయింటిలోను, చాకిరేవులోను ఆయనకు చోటులేదు. నిఘంటువున లేని మాట లోకమున లేనిదని తలంచువారు ఈ విషయమును గమనింపవలెను.

19వ శతాబ్దమున జాన్ క్యామ్డెన్ హాటెన్ అను పుస్తకప్రకాశకుడు 1859లో వేరొక నిఘంటువు వేసెను. 1890 మొదలు 1904 వరకు ఫార్మరు, హెన్లీ యను నిరువురు ఏడు సంపుటములు వెలువరించిరి. న్యూజీలండులో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధమున సిపాయిగా పోరాడిన ఎరిక్ పార్ట్రిడ్జి 1937లో ప్రకటించిన నిఘంటువు అనేక ముద్రణములు పొందినది. పార్ట్రిడ్జి శ్రమ మెచ్చదగినది. కాని సాక్ష్యము దొరకనిచోట ఊహను నిలుపు అలవాటు ఆయనకు కలదు. ఆ లోపమును జోనథాన్ గ్రీన్ 2010లో మూడు సంపుటములుగ వెలువరించిన మహానిఘంటువు చాలవరకు తీర్చినది. ప్రతి మాటకును తేదీతోడి ప్రయోగములను వరుసగ చూపుట దాని పద్ధతి. ఈ నిఘంటువుల చరిత్రనే జూలీ కోల్మన్ అను విదుషి 2004 మొదలు 2010 వరకు నాలుగు సంపుటములుగ వ్రాసెను. హార్మను నాటి కొరడానుండి గ్రీను నాటి తేదీవరకు సాగిన యీ ప్రయాణము శాస్త్రదృష్టియొక్క ప్రయాణమే కాక కొంతవరకు దయయొక్క ప్రయాణము కూడ.

ఇక మాటల పుట్టుకను చూతము. ఆంగ్లేయుడు మిత్రుని 'పాల్' అని పిలుచును. ఇది 17వ శతాబ్దపు చివరనుండి కానవచ్చుచున్న మాట. ఇది రోమానీ ప్రజల భాషలోనిది. సోదరుడని దాని యర్థము. రోమానీ మన దేశపు ఆర్యభాషల కుటుంబములోనిదే గనుక ఈ పదము మన సంస్కృతపు 'భ్రాతృ' శబ్దమునకు జ్ఞాతి. కాని రోమానీలను ఆ దేశము సోదరులుగ చూచెనా? 1530 నాటి శాసనము వారిని దేశమునుండి వెడలగొట్టుమనెను. 1554 నాటి శాసనము వెడలనివారికి మరణశిక్ష విధించెను. ఉరికంబముతో బెదరించిన ప్రజలనుండి సోదరుడను మాటను ఎరువు తెచ్చుకొని, దానితో తమ స్నేహితులను పిలుచుకొనుచున్నారు. మాటలకు పశ్చాత్తాపము తెలియదు, తెలిసికొనవలసినవారము మనము.

ఆ భాషనుండియే వచ్చిన 'చావ్' అను మాట చరిత్ర యింకను చేదైనది. రోమానీలో అది పిల్లవాడని చెప్పు ముద్దుమాట. 2000 తరువాత బ్రిటిషు పత్రికలలో అది చౌకనగలు, క్రీడాదుస్తులు ధరించు బీదయువకులను పరిహసించు పేరయ్యెను. 2004లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని ఆ సంవత్సరపు పదముగ ఎన్నుకొనెను. అంతట నొక కట్టుకథయు పుట్టెను: ప్రభుత్వపు అద్దెయిండ్లలో కాపురముండు దౌర్జన్యపరులు అను నర్థమిచ్చు నాలుగు ఆంగ్లపదముల మొదటి యక్షరములే ఈ మాట యని! రోమానీ పదము ఎంతయో ప్రాచీనము. ఈ పొడియక్షరముల కథ నిన్నటిది. 2011లో ఓవెన్ జోన్స్ ఈ మాటను పేరుగా గల గ్రంథమును వ్రాసి, శ్రామికవర్గమును రాక్షసులుగ చిత్రించు రాజకీయమును దానిలో బయటపెట్టెను. కల్పిత వ్యుత్పత్తి వట్టి అజ్ఞానమనుకొనరాదు. అది ఒక్కొక్కప్పుడు తిట్టునకు సాక్ష్యము పుట్టించు పని.

కావున పుట్టుకను చెప్పు ప్రతి కథను మూడు ప్రశ్నలు అడుగవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. మాట మొదట కానవచ్చిన కాలమేది? అది వచ్చిన దారి యేది? దానికి సాక్ష్యమేది? ఈ మూడింటితో రెండు ప్రసిద్ధ కథలను పరీక్షింతము. 'పాష్' అనగా సంపన్నుల షోకు. ఇండియాకు వచ్చు ఓడలలో ధనికులు ఎండ తగులని గదులను, పోవునపుడు ఎడమవైపునను వచ్చునపుడు కుడివైపునను కోరుకొనెడివారనియు, వారి టిక్కెట్లపై వేసిన నాలుగు పొడియక్షరములే ఈ మాట యనియు చెప్పుదురు. కథ చక్కనిది, మన దేశమును కూడ తాకుచున్నది. కాని అట్టి ముద్రగల టిక్కెట్టు ఒక్కటియు బయటపడలేదు. రోమానీలో ఈ ధ్వనిగల పదమునకు సగమని యర్థము. అర్ధపెన్నీ నాణెము పేరుమూలమున అది 19వ శతాబ్దమున డబ్బునకు మారుపేరయ్యెను. ఆ శతాబ్దము ముగియుసరికి షోకిలారాయుడను నర్థముతో ఈ మాట నిఘంటువుల కెక్కినది. ఈ దారికి సాక్ష్యములున్నవి. ఓడ కథకు లేవు.

రెండవది 'మంకీ'. జూదరుల భాషలో 500 పౌనులని యర్థము. ఇండియాలో 500 రూపాయల నోటుపై కోతి బొమ్మ యుండెడిదనియు, అచటి సిపాయిలు ఈ మాటను తీసికొనిపోయిరనియు నొక కథ. ఇండియా ప్రభుత్వపు నోట్లకు మూలమైన శాసనము 1861 నాటిది. 1859 నాటి హాటెన్ నిఘంటువులోనే 500 పౌనులకు ఈ పేరు గలదు. నోటుకంటె మాట ముందు పుట్టినచో నోటునుండి మాట యెట్లు పుట్టును? పై కోతి బొమ్మను చూచినవారును లేరు. ఇట్టి కథలు మన దేశపు పేరు చెప్పినంతమాత్రమున మనము ఉప్పొంగి నమ్మవలసిన పనిలేదు. నిజముగ మననుండి పోయిన మాటలు చాలినన్ని యున్నవి.

వానిలో మొదట చెప్పదగినది 'బ్లైటీ'. బ్రిటిషు సిపాయిలు తమ స్వదేశమును ఈ పేరుతో పిలిచికొనిరి. ఇది హిందూస్తానీ 'విలాయతీ' పదపు వికారము. మన తెలుగున సీమచింత, సీమసున్నము అనుచోట 'సీమ' యే పని చేయుచున్నదో ఉత్తరదేశమున 'విలాయతీ' ఆ పని చేయును, పరదేశపుదని భావము. చూడుడు ఈ మాట తిరిగిన తిరుగుడు! ఇండియావాడు పరాయిదని చెప్పిన పదమును ఆంగ్లేయ సిపాయి నాదని చెప్పుకొనెను. 1914-18 యుద్ధమున ఫ్రాన్సు దేశపు కందకములలో ఈ మాటకు మరియొక యర్థము పుట్టెను. ప్రాణము తీయక, తిరిగి పోరాడనీయక, ఇంటికి పంపించు గాయమునకు బ్లైటీ యని పేరు. ఆ గాయము తగులవలెనని ప్రార్థించినవారు గలరు. ఆ కందకములలోనే 1914 శరత్కాలమునుండి మన దేశపు సిపాయిలును నిలిచిరి. ఒకే మాట ప్రక్కప్రక్కనున్న యిద్దరు సిపాయిలలో ఒకనికి ఇల్లు, ఒకనికి పరదేశము.

'డూలాలీ' అనునది వేరొకటి. మతి చెడినవాడని యర్థము. మహారాష్ట్రమున నాసికము దగ్గర దేవలాలీ యను సైనికపు విడిది గలదు. కొలువు గడువు తీరిన బ్రిటిషు సిపాయిలు ఓడలకొరకు అచట వేచియుండెడివారు. ఓడలు నడచునది శీతకాలమున మాత్రమే. గడువు తప్పి తీరినవాడు నెలల తరబడి పనిలేక, ఎండలో, జ్వరములో, సారాయిలో కాలము గడుపవలసివచ్చెను. ఆ స్థితిని వారు 'డూలాలీ ట్యాప్' అనిరి. ఈ 'ట్యాప్' మన తాపమే, జ్వరమే. నేడు లండనులో ఎవరైన తాళపుచెవి ఎక్కడ పెట్టితినో మరచితినని నవ్వుచు ఈ మాట వాడినప్పుడు, నాసికపు ఎండలో మతి చలించిన అనామకుడొకడు ఆ నవ్వు క్రింద నుండును. 'దేఖో' నుండి పుట్టిన 'డెక్కో', 'ఖుష్' నుండి వచ్చిన 'కుషీ', చెరసాలకు పేరైన 'చోకీ', మనమును వాడు 'పక్కా', ఇవన్నియు ఆ బారకులనుండియే పోయినవి. 1886లో యూలు, బర్నెలు అనువారు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువున ఇట్టివి విస్తారముగ గలవు. ఆ నిఘంటువు పేరే ఒక పాఠము. మొహర్రమునాటి హసన్, హుసేన్ అను శోకధ్వనులను బ్రిటిషు సిపాయిలు తమ యూరివారి యింటిపేర్లవలె వినిరి. పరుల దుఃఖము సరిగ వినబడనప్పుడు చెవికి వేడుకగ తోచును.

రాకపోకలు రెండువైపుల నుండెను. మన తెలుగిండ్లలో ఉదయము ఇడ్లీయో ఉప్మాయో తిని 'టిఫిను' చేసితిమని చెప్పుకొందుము. ఇది మన దేశపు మాట యని తలంచువారు పెక్కుమంది. కాని గ్రోసు 1785లోనే 'టిఫింగ్' అను మాటను లండను స్లాంగుగ చేర్చియున్నాడు. వేళకాని వేళ తినుట, త్రాగుట యని యర్థము. పుట్టినచోట అది మరుగుపడినది. దొరల భోజనపు బల్లమీదుగ దిగి మన వంటయింట స్థిరపడినది. స్లాంగును ఇంటిలోనికి రానీయమని చెప్పు మర్యాదస్థులు ప్రతి యుదయమును దానిని ఆరగించుచున్నారని మనవిచేయుచున్నాము.

లండను తూర్పుభాగపు బీదల చాతుర్యమును గూర్చి కొంత చెప్పవలెను. హెన్రీ మేహ్యూ 1851లో ప్రకటించిన గ్రంథమున బండ్లపై పండ్లను, చేపలను అమ్ముకొనువారి తలక్రిందుల భాష వర్ణింపబడినది. పెన్నీని 'యెనెప్' అందురు. అక్షరములను వెనుకనుండి చదివినయెడల తేటపడును. మన పిల్లలు అక్షరమునకొక 'క' చేర్చి మాటలాడుకొను క-భాషవంటిదే యిది; కాని వీరికి ఇది ఆట కాదు. పోలీసువాడు వచ్చుచున్నాడని తోటివానికి తెలుపుటకును, కొనువాని యెదుటనే ధర మాటలాడుకొనుటకును పనికివచ్చిన పనిముట్టు. 'బాయ్' తిరుగబడి 'యాబ్' అయ్యెను. ఆనాడు వట్టి బాలుడని యర్థము. నేడు అల్లరిమూకలోనివాడని యర్థము. అక్షరములు తారుమారైనంత తేలికగ బీదబాలుని పేరు దుష్టుని పేరుగ మారినది.

దీనికి తోబుట్టువు ప్రాసభాష. మెట్లు అను నర్థముగల 'స్టేర్స్' అనక, దానికి ప్రాస కుదురు 'యాపిల్స్ అండ్ పేర్స్' అందురు. చూపునకు 'లుక్' అనక, కసాయివాని కొక్కెమను నర్థము గల 'బుచర్స్ హుక్' అందురు. పిమ్మట చమత్కారమేమనగా, ప్రాస నిలిపిన మాటనే విడిచి 'బుచర్స్' అని మాత్రమే పలుకుదురు. తాళము గలదు, చెవి దాచబడినది. తలకు 'లోఫ్' అనుట రొట్టెముక్కనుండి వచ్చినది. హాటెన్ 1859లో ఈ పద్ధతి తన కాలమునకు పదునైదేండ్లలోపుగ పుట్టినదని వ్రాసెను. ఇందలి వింత ఫలమొకటి గలదు. 'బెర్క్' అను మాటను బుద్ధిహీనుడను నర్థమున మర్యాదగల యింగ్లీషు యిండ్లలోను జంకులేక పలుకుదురు. అది ఒక వేటదండు పేరునుండి తెగిన ముక్క. ఆ దండు పేరుతో ప్రాస కుదురు మాట యేదో తెలిసినచో ఆ గృహిణులు చెవులు మూసికొందురు. బూతు అనునది అక్షరములలో లేదు, వినువాని యెరుకలో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఎరుక కూడ కాలమునుబట్టి మారును. బెర్నార్డ్ షా రచించిన 'పిగ్మేలియన్' నాటకము 1914 ఏప్రిల్ 11వ తేదీన లండనులో ప్రదర్శింపబడినప్పుడు, పూలమ్ముకొను పిల్ల పాత్రధారిణి శ్రీమతి ప్యాట్రిక్ క్యాంబెల్ 'బ్లడీ' అను మాటను రంగస్థలమున పలికెను. నగరమంతయు అదే చర్చ. ఆ మాట దేవమాతపేరిట పెట్టిన యొట్టునుండి పుట్టినదని వాడుకలోనున్న కథను పరిశోధకులు అంగీకరింపలేదు. నేడు అది పలుకుట వింతయే కాదు. షా చూపదలచిన విషయము వేరు. ఉచ్చారణ దిద్దుకొనిన పిల్లను ఉన్నతకుటుంబములవారు ఆదరించిరి. అంతకుముందు అదే పిల్లను వీథిలో చూచియు చూడనివారైరి. మనుష్యుని విలువను పెదవులవద్ద కొలుచు సమాజమునకు ఆ నాటకము పట్టిన అద్దమును, ఒక్క తిట్టుమాట సందడిలో ఎందరో చూడలేకపోయిరి.

దాగికొనుటకే పుట్టిన భాష పొలారీ. నటులలోను, సర్కసువారిలోను, నావికులలోను ఇటాలియను పదములతో నల్లుకొనిన యీ భాషను స్వలింగప్రేమగల పురుషులు తమ రక్షణకొరకు వాడిరి. మంచిదనుటకు 'బోనా', చూడుమనుటకు 'వాడా' అందురు. అపరిచితునియెదుట ఒక్క మాట విసరి, అతడు గ్రహించెనేని మిత్రుడనియు, గ్రహింపడేని అపాయము లేదనియు తెలిసికొనెడివారు. ఇంగ్లండు, వేల్సులలో 1967 వరకు వారి ప్రేమ చెరసాలకు పంపదగిన నేరము. ఆ దేశమువారు మనకు విధించిపోయిన 377వ సెక్షనులోని అట్టి నిషేధమును మన సర్వోన్నత న్యాయస్థానము 2018లో గాని తొలగింపలేదు. భయము తగ్గగా పొలారీయు వాడుక తప్పినది. ఒక భాష అంతరించినదని సంతోషింపదగిన సందర్భము లోకమున అరుదు. ఇది యట్టిది కావచ్చును.

స్లాంగు అంతయు పీడితుల కవచమని మేము చెప్పము. అట్లు చెప్పుట మరియొక కట్టుకథ. అది కత్తియు కాగలదు. దక్షిణాసియావారిని తూలనాడుటకు ఒక దేశపు పేరును తునిమి చేసిన మాటను కేకలు వేయుచు, 1960ల చివరనుండి పోకిరిమూకలు వీథులలో మన ఖండపువారిని కొట్టిన చరిత్ర బ్రిటనునకు గలదు. ఆ మాటను ఇచట అచ్చువేయము. ఆసియావారిని పిలిచిన వేరొక మూడక్షరముల తిట్టు ఒక గౌరవనామపు పొడియక్షరములనియు, కావున దానిలో అవమానము లేదనియు చెప్పువారు కలరు. పాష్ కథవలెనే దీనికిని సాక్ష్యము లేదు. కాని ఫలము వేరు. అది వినోదము, ఇది గాయమునకు వేసిన ముసుగు. అసత్యవ్యుత్పత్తులతో మనకేమి పని యని యడుగువారికి ఇదియే మా సమాధానము.

కడపటి ప్రశ్న పిల్లల చదువునకు సంబంధించినది. 1948 జూను 22న విండ్రష్ అను ఓడ కరీబియను ద్వీపవాసులను టిల్బరీ రేవున దించినది. వారి భాషయు, తూర్పు లండను భాషయు, ఆసియా ఆఫ్రికా భాషలును ఒకే వీథిలో పెరిగి నేడొక క్రొత్త లండను వాడుకయైనవి. 'బ్రవ్' అనగా సోదరుడు. 'ఎండ్స్' అనగా తన పేట. 2013లో దక్షిణ లండనులోని ఒక పాఠశాల ఇట్టి మాటల పట్టికను గోడకెక్కించి, బడి యావరణమున వీనిని పలుకరాదని నిషేధించినది. ఉద్యోగపు పరీక్షలలో పిల్లలు నష్టపోకూడదని వారి వాదము. ఈ వాదమును తేలికగ కొట్టివేయరాదు. బీదబాలునకు రాజభాష నేర్పకుండుట దయ కాదు. ధనికుల పిల్లలు దానిని ఇంటిలోనే నేర్చుకొందురు. అయినను నేర్పుట వేరు, నిషేధించుట వేరు. నీ బల్లవద్ద ఈ భాష వ్రాయుమని చెప్పినచో బాలునికి రెండవ భాష వచ్చును. నీ అమ్మ మాట గోడమీది నేరముల పట్టికలోనిదని చూపినచో బాలుడు నోరు మూసికొనును, లేదా బడి మూసికొనును.

ఈ వివాదము తెలుగువారికి క్రొత్తది కాదు. జీవద్భాషపై గ్రామ్యమను ముద్రవేసి పాఠశాలనుండి దూరముంచిన కాలమున గిడుగు వేంకట రామమూర్తిగారు దానికొరకు పోరాడిరి. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి: పర్లాకిమిడి కొండలలోని సవరలను నాగరికులు గణింపనినాడు ఆయన వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చి, వారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పించుటకు పాటుపడిరి. హార్మను పట్టికను, గిడుగువారి నిఘంటువును ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఇద్దరును పెద్దలు లెక్కసేయని మనుష్యుల మాటలనే వ్రాసికొనిరి. ఒకరి పుస్తకము చివర కొరడా యున్నది, ఒకరి పుస్తకము చివర బడి యున్నది.

కావున బ్రిటిషు స్లాంగు మాటయొకటి చెవినిబడినప్పుడు మన పాఠకులు అర్థమును తెలిసికొని యూరకుండక, కాలము, దారి, సాక్ష్యము అను మూడు ప్రశ్నలను వేయుదురుగాక. ఆ పిమ్మట నాలుగవ ప్రశ్నయు వేయుదురుగాక: ఈ మాట క్రిందివాడు తన్ను కాపాడుకొనుటకు పలికినదా, పైవాడు క్రిందివానిని కొట్టుటకు విసరినదా? మొదటిదైనచో నవ్వుచు నేర్చుకొనవచ్చును. రెండవదైనచో తెలిసియుండి పలుకకుండవలెను. మన యింటి భాషలో కులమునుబట్టియు, వృత్తినిబట్టియు, స్త్రీలనుబట్టియు ఏయే మాటలు ఏ వైపునుండి ఏ వైపునకు విసరబడుచున్నవో లెక్కచూచుకొనుటకు కూడ ఈ నాలుగవ ప్రశ్న చాలును. ఆ లెక్కను ఏ పరదేశపు నిఘంటువును మనకొరకు వ్రాసిపెట్టదు.